అడుగని గుణము

నాగార్జునసాగరమును చూడబోయిన యాత్రికులలో పెక్కుమంది ఆ జలరాశిని, తెరచిన తలుపులనుండి దూకు నీటిని చూచి సంతోషించి మరలుదురు గాని, ఆ ఆనకట్ట దేనితో కట్టబడినది, మరి దేనితోనో గాక దానితోనే ఏల కట్టబడినది అని ఆలోచించువారు అరుదు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ కట్టడము, కృష్ణకు అడ్డముగా సుమారు కిలోమీటరున్నర పొడవున, పునాది అడుగునుండి 124 మీటర్ల ఎత్తున, ప్రధానముగా రాతితో నిర్మింపబడినది, కాంక్రీటుతో కాదు. ఇంచుమించు ఆ సంవత్సరములలోనే, సట్లెజ్ నదిపై భాక్రా ఆనకట్ట కాంక్రీటుతో 226 మీటర్ల ఎత్తునకు లేచుచుండెను. ఒకే దేశము, ఒకే కాలము, ఒకే ప్రయోజనము. పదార్థములు మాత్రము వేర్వేరు. ఈ రెండు నిర్ణయములలో ఏది సరియైనదని ఎవరైనను అడిగినచో, రెండును సరియైనవే అని చెప్పవలసియుండును.

భాక్రాయొద్ద కొండల నడుమ లోయ ఇరుకైనది, కట్టవలసిన ఎత్తు అధికమైనది. ఎత్తు హెచ్చినకొలది అడుగుభాగముపై పడు ఒత్తిడియు హెచ్చును గనుక, అంతటి భారమును అంతటను సమముగా మోయగల పదార్థము అచట కావలసెను. అందులకై విదేశములనుండి యంత్రసామగ్రి వచ్చెను. హార్వే స్లోకమ్ అను అమెరికా నిర్మాణనిపుణుని పర్యవేక్షణమున పని సాగెను. సిమెంటు నీటితో కలిసి గట్టిపడునప్పుడు వేడిని వెలువరించును. ఇంటి స్లాబులో ఆ వేడి మనకు తెలియకయే గాలిలో కలిసిపోవును గాని, కొండంత కాంక్రీటు ముద్దలో అది లోపలనే చిక్కుకొని, పై పొర చల్లబడి ముడుచుకొనునప్పుడు బీటలు పుట్టించును. కావుననే పెద్ద కాంక్రీటు ఆనకట్టలలో కాంక్రీటును చల్లబరచుట యొక ప్రత్యేకశాస్త్రమై యున్నది. కృష్ణయొడ్డున పరిస్థితి వేరు. రాయి చేరువలోనే అపారముగా లభించెను. సిమెంటు కొరతగా నుండెను. విదేశమారకద్రవ్యము అంతకన్న కొరతగా నుండెను. రాతిపని నేర్చిన చేతులును, తట్టలు మోయగల చేతులును వేలకొలదిగా పనికొరకు ఎదురుచూచుచుండెను. రాతికట్టుబడిలో సిమెంటు పాలు తక్కువ గనుక వేడివలని చిక్కును తక్కువ. రాతి అతుకులలో నీటి ఊట కొంత హెచ్చుగా నుండుననుట నిజమే. ఆ సంగతిని ముందే ఎరిగి, ఆ నీరు పోవు దారిని కూడ ఆలోచించియే ఇంజనీర్లు రాతిని వరించిరి.

పదార్థమునకు స్వతస్సిద్ధమైన శ్రేష్ఠత్వ మేదియు లేదని నేను నమ్ముదును. ఉక్కు మంచిదా, కలప మంచిదా అని అడుగుట నిరర్థకము. ఏ పనికి, ఏ చోట, ఎవరి చేతులతో, ఎంతకాలమునకు అను మాటలు చేరిననే ఆ ప్రశ్నకు అర్థము కలుగును. అయితే ఎంపిక జరిగినంతమాత్రమున పని ముగియదు. ఎంచుకొన్న పదార్థమున తనకు కావలసిన గుణములు ఏవో, అవి ఎంతమేరకు ఉండవలెనో, ఏ పరీక్షచేత రుజువు కావలెనో కొనువాడు కాగితముపై వ్రాసి అమ్మువానికి ఇయ్యవలెను. ఇంజనీర్లు దీనిని స్పెసిఫికేషను అందురు. అందులో వ్రాసిన గుణమును ఇచ్చుటకు అమ్మువాడు బద్ధుడు. వ్రాయని గుణము ఉన్నచో కొనువాని అదృష్టము, లేనిచో అతని దురదృష్టము. ఇంజనీరింగు చరిత్రలోని ఘోరప్రమాదములలో కొన్ని, చెడు సరకు వలన గాక, అడిగినదంతయు తు.చ. తప్పక ఇచ్చిన మంచి సరకు వలననే జరిగినవి. ఏలయన, అసలు అడుగవలసిన దానిని ఎవరును అడుగలేదు.

మొదట ఎంపిక సంగతి కొంచెము చూతము. తేలికగా ఉండవలెను, వంగరాదు అను కోరిక విమానములు కట్టువారికి నిత్యము ఎదురగునది. వంగుటకు, సాగుటకు లొంగని స్వభావమును భౌతికశాస్త్రజ్ఞులు యంగ్ గుణకము అను కొలతతో సూచింతురు. ఉక్కుకు అది సుమారు 200 గిగాపాస్కలులు, టైటానియమునకు 115, అల్యూమినియమునకు 70. సాంద్రతలు చూచినచో ఉక్కు నీటికన్న 7.85 రెట్లు, టైటానియము 4.5 రెట్లు, అల్యూమినియము 2.7 రెట్లు బరువైనవి. ఈ గుణకమును సాంద్రతచే భాగించి చూడుడు: మూడింటికిని ఇంచుమించు 26 వచ్చును! అనగా, తిన్నగా లాగబడు ఒక కడ్డీని ఉక్కుతో చేసినను, ఉక్కుకన్న ఎంతో ఖరీదైన టైటానియముతో చేసినను, అంతే దృఢత్వమునకు అంతే బరువు కావలసియుండును. ప్రకృతి ఇచట ఏ లోహమునకును పక్షపాతము చూపలేదు.

కాని కడ్డీని లాగుటకు బదులు దూలమువలె అడ్డముగా నిలిపి బరువు మోపినచో ఫలితము మారిపోవును. దూలము మందమగుకొలది వంగుట త్వరత్వరగా తగ్గును గనుక, తేలికైన పదార్థము తన తేలికదనమును మందముగా మార్చుకొని గెలుచును. చతురస్రాకారపు నిండు ఉక్కుదూలము 100 కిలోలు తూగినచో, అంతే దృఢత్వము గల అల్యూమినియపు దూలము 60 కిలోలకు లోపున, మంచి స్ప్రూసు కలప దూలము పాతిక ముప్పది కిలోలలోనే ముగియును. పలకల విషయమున ఈ భేదము ఇంకను హెచ్చును. కేంబ్రిడ్జి ఆచార్యుడు మైకేల్ ఆష్బీ ఈ లెక్కలన్నిటిని పటములుగా గీసి, ఒక ఇరుసున సాంద్రతయు, ఇంకొక ఇరుసున దృఢత్వమో బలమో పెట్టి, లోహములు, కలపలు, పింగాణులు, ప్లాస్టిక్కులు ఒకే కాగితముపై ద్వీపములవలె కనబడునట్లు చేసెను. ఆ పటముపై గీటురాయివంటి ఒక్క వాలుగీత గీచినంతనే, ఒక పనికి పోటీపడదగిన పదార్థము లేవో, వ్యర్థప్రయాస యేదో తేలిపోవును. నేటి ఇంజనీరింగు విద్యార్థులకు ఇంతకన్న ఉపకరించు చిత్రము మరియొకటి కలదని నేననుకొనను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున డి హావిలాండ్ సంస్థ మస్కిటో అను యుద్ధవిమానమును, ప్రపంచమంతయు లోహవిమానములవైపు పరుగెత్తుచున్న కాలమున, కలపతో కట్టుటకు మూలమిదియే. బాల్సా అను అతి తేలికయైన కలపను నడుమనుంచి, ఇరువైపుల బర్చి ప్లైవుడ్ పొరలను అంటించి చేసిన ఆ విమానము 1940 నవంబరులో తొలిసారి ఎగిరెను. నాటి విమానములలో మిక్కిలి వేగవంతమైన వానిలో నొకటిగా పేరుపొందెను. అల్యూమినియము కొరతయైన దినములలో, పియానోలు, బీరువాలు చేయు వడ్రంగులు సయితము యుద్ధవిమానముల భాగములు చేసి ఇయ్యగలిగిరి. ఇంగ్లండు ఆకాశమున ఇంత ఘనతకెక్కిన ఆ విమానమే భారత, బర్మా రంగములకు వచ్చినపిదప, 1944లో అతుకులు విడి ప్రమాదములు జరిగి, కొంతకాలము నేలపై నిలిచిపోవలసివచ్చెను. అతుకుపనిలోని లోపములును, ఈ దేశపు ఎండయు తేమయు కలిసి ఆ కీడును తెచ్చినవి. బిగువు, తేలిక, లభ్యత అను మూడు ప్రశ్నలకును కలప చక్కని సమాధానమే ఇచ్చెను. వంగదేశపు వర్షాకాలమును గూర్చిన ప్రశ్న మాత్రము నమూనా గీచిన బల్లయొద్ద ఎవరికిని ముఖ్యముగా తోచలేదు.

అయితే అడుగని గుణమునకు మానవజాతి చెల్లించిన మూల్యమును గూర్చి చెప్పునప్పుడు నౌకల కథనే విస్తరించి చెప్పవలెను. అమెరికా 1941నుండి 1945వరకు లిబర్టీ అను పేరుగల సరకునౌకలను 2,700కు పైగా కట్టెను. జర్మనుల జలాంతర్గాములు ముంచుచున్న నౌకలకన్న వేగముగా కొత్తనౌకలను కట్టుట ఆనాటి ప్రాణావసరము; అందువలన తరతరములుగా వచ్చుచున్న రివెట్ల పద్ధతిని విడిచి, ఉక్కుపలకలను వెల్డింగుచే అతికిరి. రివెట్లతో కూర్చిన నౌకలో ఒక పలకకు పగులు వచ్చినను అది ఆ పలక అంచున ఆగును. వెల్డింగు చేసిన నౌక ఆద్యంతము ఒకే లోహపు ముక్క గనుక పగులునకు ఆగుచోటు లేదు. పైగా సరకు దింపు ద్వారములను చతురస్రముగా కోసిరి. ఆ మూలలయందు నౌక మోయు ఒత్తిడియంతయు గుమిగూడెను. 1943 జనవరి 16వ తేదీ రాత్రి, ఓరెగాన్ రాష్ట్రమందలి పోర్ట్‌లాండు రేవులో, కట్టుట ముగిసి కొద్దిదినములే గడచిన స్కెనెక్టడీ అను చమురునౌక, సముద్రపరీక్షలు ముగించుకొనివచ్చి నిశ్చలమైన నీటిలో నిలిచియుండగా, మైలుదూరమున వినవచ్చిన పెనుధ్వనితో నడుమకు పగిలెను. తుఫాను లేదు, శత్రువు లేడు, సరకు లేదు. ఆ రాత్రి చలి మాత్రముండెను. లిబర్టీనౌకలలోను వందలకొలదిగా పగుళ్ళు కనబడినవి. కొన్ని నౌకలు నడిసముద్రమున రెండు ముక్కలై జనులతో సహా మునిగినవి.

నేరము వెల్డరులదే యని మొదట అందరును తలచిరి. యుద్ధకాలమున త్వరత్వరగా నేర్చినవారు గనుక వారిని నిందించుట సులభమాయెను. కేంబ్రిడ్జిలో లోహపరిశోధన చేయుచున్న కాన్‌స్టెన్స్ టిప్పర్ అను విదుషీమణి, పగిలిన పలకల తునకలను శ్రద్ధతో పరీక్షించి, లోపము ప్రధానముగా ఉక్కుయొక్క స్వభావమునందే యున్నదని చూపెను. వేసవి మధ్యాహ్నమున చెప్పుకంటుకొని సాగు రోడ్డు తారు, మాఘమాసపు తెల్లవారుజామున సుత్తిదెబ్బకు పెళ్ళగా లేచిపోవును గదా. ఆ ఉక్కును అట్లే, వెచ్చగా నున్నంతసేపు సాగి వంగి ఓర్చుకొనును, ఒక నిర్ణీతమైన శైత్యము దాటినంతనే గాజువలె పెళుసై చీలును. మామూలు నౌకా ఉక్కులలో కొన్నింటికి ఆ హద్దు మంచు కరగు ఉష్ణోగ్రతకును పైననే యుండెను. అనగా శీతకాలపు అట్లాంటిక్ నీరు చాలును.

ఇందులో మనసును కలచివేయు విషయ మొకటున్నది. ఆ పలకలు ఉక్కుమిల్లులనుండి పరీక్ష నెగ్గియే వచ్చినవి. నౌకావర్గీకరణ సంస్థలు ఆనాడు అడిగినది, గదిలోని వెచ్చదనమున ఉక్కుకడ్డీని మెల్లగా లాగినప్పుడు అది ఎంత బరువునకు తెగునో, తెగులోపల ఎంత సాగునో అనునది. దానికి ఆ ఉక్కు నిశ్చింతగా బదులు చెప్పెను. గాటు పెట్టిన చిన్నముక్కను చల్లార్చి, లోలకముతో ఒక్క దెబ్బ కొట్టి, అది విరుగుటకు ఎంత శక్తి పీల్చుకొనెనో కొలుచు పరీక్షను జార్జెస్ చార్పీ అను ఫ్రెంచి ఇంజనీరు ఇరువదవ శతాబ్ది ఆరంభముననే తీర్చిదిద్దియుండెను. అనగా నలువది సంవత్సరములనుండి ఆ పరీక్ష ప్రపంచమునకు తెలిసియే యున్నది. నౌకల కొనుగోలుపత్రములోనికి మాత్రము అది ఎక్కలేదు. విరిగిన నౌకల పలకలను పోల్చి చూచిన పిమ్మట, పగులు మొదలైన పలకలు ఆ దెబ్బపరీక్షలో ఎంత హీనమైనవో తేలెను. నాటినుండియు నౌకల ఉక్కుకు దెబ్బకోర్చు గుణమును వేరుగా అడిగి కొనుట పరిపాటియైనది.

మన భారత ప్రమాణములయందును ఈ పాఠము చిన్న అక్షరములుగా నిలిచియున్నది. వంతెనలకు, షెడ్లకు వాడు ఉక్కును గూర్చిన ఐ.ఎస్. 2062 ప్రమాణములో ఇ 250 అనగా 250 మెగాపాస్కలుల ఒత్తిడివరకు శాశ్వతముగా సాగని ఉక్కు అని అర్థము. ఆ సంఖ్య తరువాత ఎ, బి.ఆర్., బి0, సి అను అక్షరములు వచ్చును. ఎ అన్నచో దెబ్బపరీక్ష అక్కరలేదని, బి.ఆర్. అన్నచో కోరినచో మామూలు ఉష్ణోగ్రతయందు చేయవలెనని. బి0 అన్నచో సున్న డిగ్రీలయందు తప్పక చేయవలెనని. సి అన్నచో సున్నకు దిగువ 20 డిగ్రీలయందు చేయవలెనని. నాలుగు రకములకును బలము ఒక్కటే. గుంటూరులో ధాన్యపు గోదామునకు కప్పువేయు ఇంజనీరునకు చివరి అక్షరము పట్టింపులేకపోవచ్చును. లడఖ్‌లో వంతెన కట్టువానికి ఆ అక్షరమే ప్రాణము. పత్రములో ఆ ఒక్క అక్షరము వ్రాయుట మరచినచో, చౌకయైన రకము వచ్చి నిలుచును, దానిని పంపినవాని నెవరును తప్పుపట్టలేరు.

ఇల్లు కట్టుకొను సామాన్యగృహస్థునకును ఈ అక్షరముల భాగ్యము తప్పలేదు. ఇనుప చువ్వల దుకాణమునకు పోయినవాడు కంపెనీ పేరు, చువ్వల లావు, టన్ను ధర అడుగును, ఎఫ్.ఇ. 500 అని చెప్పగానే తృప్తిపడును. ఎఫ్.ఇ. 500డి అను వేరొక రకమున్నదని మేస్త్రి చెప్పినచో, రెండును 500 గదా, ఇంకేమి భేదమనును. ఐ.ఎస్. 1786 ప్రమాణము ప్రకారము 500 రకపు చువ్వ తెగులోపల కనీసము నూటికి 12 పాళ్ళు సాగవలెను. డి రకము 16 పాళ్ళు సాగవలెను. కర్బనము గరిష్ఠముగా 0.30 నుండి 0.25 శాతమునకును, ఉక్కును పెళుసుబరచు గంధకము, భాస్వరము ఒక్కొక్కటి 0.055 నుండి 0.040 శాతమునకును తగ్గవలెను. భూకంపము వచ్చినప్పుడు బలము చాలక కూలు ఇండ్లకన్న, సాగలేక పుటుక్కున తెగు చువ్వలవలన కూలు ఇండ్లు భయంకరములు; సాగు చువ్వ భూమి ఊపును తానే కొంత మ్రింగి, గోడలు బీటలువారినను కప్పు కూలకుండ ఆపి, లోపలివారు బయటికి పరుగెత్తుటకు వ్యవధి నిచ్చును. ఇల్లు కట్టు ప్రతివాడును లోహశాస్త్రము చదువనక్కరలేదు గాని, చువ్వలు దిగుమతియైన దినమున ఆ సరకునకు చెందిన పరీక్షాపత్రమును అడిగి తీసికొని, అందులో సాగుదల అను గడిని చదువుట కష్టమైన పని కాదు. దానిని అడుగు గృహస్థులు పదిమంది యుండిన ఊరిలో దుకాణదారుడు తానే ఆ పత్రమును చేతబట్టుకొని వచ్చును.

సముద్రతీరమున ఇల్లు కట్టువారు అడుగవలసినది మరియొకటి కలదు. విశాఖపట్నము, కాకినాడ, మచిలీపట్నము వంటి పట్టణములలో, కట్టి ఇరువదేండ్లయినను కాని మేడలకు పెచ్చులు ఊడి, లోపలి చువ్వలు ఎఱ్ఱగా బయటపడుట చూచుచునే యున్నాము. కాంక్రీటులోని క్షారగుణము ఇనుముచుట్టు కంటికి కనబడని సన్నపొరను ఏర్పరచి తుప్పునుండి కాపాడును. ఉప్పుగాలితో వచ్చు క్లోరైడు కాంక్రీటు రంధ్రములగుండ మెల్లమెల్లగా లోనికి పాకి, ఏండ్లకు ఆ పొరను చేరి ఛేదించును. తుప్పు ఇనుముకన్న కొన్నిరెట్లు హెచ్చు చోటును ఆక్రమించును గనుక లోపలినుండియే కాంక్రీటును పగులగొట్టును. ఇచట రక్షణమిచ్చునవి రెండు: కాంక్రీటుయొక్క చిక్కదనము, చువ్వపైనున్న కాంక్రీటు మందము. ఐ.ఎస్. 456 ప్రమాణము పరిసరములను ఐదు తరగతులుగా విభజించి, సౌమ్యమైన చోట ఎం 20 కాంక్రీటు, 20 మి.మీ. మందము చాలునని, తీరపు గాలికి నేరుగా గురియగు చోట ఎం 30 కాంక్రీటు, 45 మి.మీ. మందము కావలెనని, సముద్రపు తుంపరలు పడుచోట ఎం 35, 50 మి.మీ. అని, ఆటుపోటుల నడుమనున్న చోట ఎం 40, 75 మి.మీ. అని విధించినది. నిరంతరము సముద్రములో మునిగియుండు స్తంభముకన్న, తడిసి ఆరుచుండు స్తంభమే త్వరగా చెడునన్నది ఈ పట్టికలోని విశేషము. తుప్పుకు ఉప్పు ఒక్కటే చాలదు, గాలిలోని ప్రాణవాయువును కావలెను. హైదరాబాదులో వాడిన నమూనాకాగితమునే తెచ్చి భీమిలిలో మేడ కట్టు కంట్రాక్టరు, సిమెంటు తగ్గింపకపోయినను, చువ్వల క్రింద పెట్టు కవరుబిళ్ళల మందమును మార్చనందువలననే యజమానికి అపకారము చేయుచున్నాడు. మొత్తము వ్యయములో ఆ మార్పు విలువ అత్యల్పము.

తుప్పుపట్టని ఉక్కు వాడినచో చిక్కు తీరదా యని అడుగవచ్చును. 1914లో తెరచిన పాత పాంబన్ రైలువంతెన ఉప్పుగాలితో శతాబ్దికాలము పోరాడెను. 2025 ఏప్రిల్‌లో దాని ప్రక్కన ప్రారంభమైన కొత్తవంతెనలో స్టెయిన్‌లెస్ ఉక్కు చువ్వలను వాడియున్నారు. అట్టిచోట ఆ వ్యయము సార్థకము. కాని స్టెయిన్‌లెస్ అను మాట ఒకే పదార్థమునకు పేరు కాదు. తీరమున నిలువవలెనన్నచో మాలిబ్డినము చేరిన 316 రకము మేలు. వంటపాత్రల 304 రకమునకు అచట గోధుమరంగు మచ్చలు వచ్చును. నికెలు తగ్గించి చౌకగా చేసిన 202 రకము అంతకుముందే చెడును. మూడును దుకాణములో ఒకేవిధముగా తళతళలాడును. బాల్కనీ కటకటాలు కొనువారు రకపు సంఖ్యను బిల్లుపై వ్రాయించుకొనుట మంచిది.

ఇంతవరకు చెప్పినవి అడుగక చెడిన కథలు. ఎంత సూక్ష్మముగా అడుగవచ్చునో చూపు కథ మన హైదరాబాదులోనే యున్నది. 1971లో స్థాపింపబడిన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సులో అణువిద్యుత్కేంద్రములకు ఇంధనమును, ఆ ఇంధనమును పొదుగు జిర్కోనియపు గొట్టములను తయారుచేయుచున్నారు. మన దేశపు భారజల రియాక్టరులు సహజ యురేనియముతో నడచును; అందులో విచ్ఛిన్నమగు యురేనియము నూటికి 0.7 పాళ్ళే. ఇంత పేదఇంధనముతో చర్య నిలువవలెనన్నచో, పుట్టిన ప్రతి న్యూట్రానును పొదుపుగా కాపాడుకొనవలెను. ఇంధనమును కప్పియుండు తొడుగు న్యూట్రానులను మ్రింగరాదు. అదే సమయమున 300 డిగ్రీలకు చేరువయైన వేడినీటిలో సంవత్సరములకొలది తుప్పుపట్టక నిలువవలెను. ఉక్కు రెండవ కోరికను తీర్చును గాని, మొదటిదానియందు ఓడును; దాని పరమాణువులు జిర్కోనియముకన్న పదిరెట్లకు పైగా న్యూట్రానులను పీల్చును. అల్యూమినియము న్యూట్రానులను విడుచును గాని ఆ వేడినీటికి నిలువదు. రెండు కోరికలను ఒక్కసారిగా తీర్చునది జిర్కోనియము.

విచిత్రమేమనగా, 1940ల ఆరంభమున ఈ లోహము పనికిరాదని తోసివేయబడియుండెను. దానిని పరీక్షించినప్పుడెల్ల న్యూట్రానులను విరివిగా మ్రింగునట్లు కనబడెను. ఆ దశకము చివరను అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో అసలు దోషి బయటపడెను. జిర్కోనియము గల ఇసుకలో హాఫ్నియము అను మరొక లోహము నూటికి రెండు పాళ్ళవరకు ఎల్లప్పుడును కలిసియుండును. ఈ రెండును రసాయనధర్మములలో ఎంత సన్నిహితములన్నచో, 1789లో క్లాప్రోత్ జిర్కోనియమును కనుగొన్నపిదప, దానిలో దాగియున్న హాఫ్నియము కోపెన్‌హేగెన్‌లో 1923 వరకు పట్టుబడలేదు. న్యూట్రానుల విషయమున మాత్రము హాఫ్నియము తన తోడుకన్న అయిదువందల రెట్లకు పైగా తిండిపోతు. దానిని వేరుచేసినచో మిగిలినది పరమసాధువైన లోహము. అదే క్లాప్రోత్ అదే సంవత్సరమున యురేనియమును కూడ కనుగొనెను. తాను కనుగొన్న ఒక మూలకమునకు తాను కనుగొన్న మరొక మూలకమే ఒకనాడు కవచము కాగలదని ఆ రసాయనజ్ఞుడు ఊహించియుండడు.

కేరళ, తమిళనాడు, ఒడిశా తీరములందలి ఇసుకనుండి తీసిన జిర్కాను అను జిర్కోనియపు ఖనిజమును హైదరాబాదుకు తెచ్చి, ఆమ్లములలో కరగించి, ద్రావకముల సహాయమున హాఫ్నియమును వేరుచేసి, క్లోరైడుగా మార్చి, మెగ్నీషియముతో క్షయకరించి లోహమును పొందుదురు. రియాక్టరునకు పోవు జిర్కోనియపు నిర్దేశపత్రములో హాఫ్నియము పదిలక్షల పాళ్ళలో 100 పాళ్ళకు మించరాదు. మరి ఏ ఇతర పరిశ్రమలోనైనను, ఆమ్లపు తొట్లకు, గొట్టములకు జిర్కోనియము కొనువారికి హాఫ్నియము ఉన్నను లేకున్నను ఒక్కటే. దానిని తీసివేయించుట ధనవ్యయమే గాని లాభము లేదు. ఒకే లోహము, ఒకే మాలిన్యము. ఒకచోట ప్రాణాంతకము, మరొకచోట లెక్కలోనికి రానిది. ప్రయోజనమెరిగి అడుగుట అనగా ఇది.

ఇంత జాగ్రత్తతో ఎంచిన పదార్థమునకును తన లోపము తనకున్నది. మిక్కిలి వేడెక్కినచో జిర్కోనియము నీటియావిరితో కలిసి ఉదజనిని పుట్టించును. 2011 మార్చిలో జపానులోని ఫుకుషిమా రియాక్టరు భవనముల కప్పులను ఎగురగొట్టినది ఆ ఉదజనియే. అట్టి మహావిపత్తు లేకున్నను, మామూలు దినములలోనే లోహము నీటినుండి కొద్దికొద్దిగా ఉదజనిని పీల్చుకొనుచుండును. భారజల రియాక్టరులో ఇంధనముండు పీడనగొట్టము వేడిగా నుండును. దాని చుట్టునున్న మరొక గొట్టము చల్లగా నుండును. రెండును తాకకుండ నడుమ స్ప్రింగువంటి ఉంగరములు పెట్టుదురు. 1983 ఆగస్టు 1వ తేదీన కెనడాలోని పికరింగ్ కేంద్రపు రెండవ రియాక్టరులో ఒక పీడనగొట్టము రెండు మీటర్ల పొడవున చీలెను. ఉంగరములు తమ చోటునుండి జరిగిపోగా, వేడిగొట్టము క్రుంగి చల్లనిగొట్టమును తాకెను. ఉదజని చల్లనిచోటికి వలసపోవు స్వభావము కలది గనుక, తాకినచోటనే గుమిగూడి, పెళుసైన బొబ్బలుగా ఏర్పడి, లోహమును చీల్చెను. రియాక్టరును క్షేమముగా ఆపగలిగిరి. ఎవరికిని హాని కలుగలేదు. ఆ గొట్టము జిర్కలాయ్-2 అను మిశ్రలోహముతో చేసినది. ఉదజనిని అంతకన్న తక్కువగా పీల్చుకొను మరొక మిశ్రలోహము, నూటికి రెండున్నర పాళ్ళు నయోబియము కలిపినది, అప్పటికే తెలిసియుండెను.

రాజస్థాన్, కల్పాక్కముల తొలి రియాక్టరులలో మనమును ఆ పాతలోహమునే వాడియుంటిమి. ఒక్కొక్క రియాక్టరులో 306 గొట్టములు. 1990లలో రాజస్థాన్ రెండవ రియాక్టరుతో ఆరంభించి, అటుపిమ్మట కల్పాక్కములోని రెండింటియందును, రేడియోధార్మికత నిండిన ఆ గర్భమునుండి పాతగొట్టములను ఒక్కొక్కటిగా వెలికితీసి, హైదరాబాదులో చేసిన జిర్కోనియ నయోబియపు గొట్టములను అమర్చిరి. కాక్రపార్ రెండవ రియాక్టరునకు మొదటినుండియే కొత్తలోహమును వాడిరి. లోహమును మార్చుటతో తృప్తిపడక, ఒక్కొక్క గొట్టమునకు వదులుగా నుండిన రెండు ఉంగరములకు బదులు బిగువుగా కూర్చుండు నాలుగింటిని పెట్టిరి. గొట్టము రియాక్టరులో చేరకమునుపే దానియందు ఎంత ఉదజని యుండవచ్చునో ఆ పరిమితిని కూడ బాగుగా కుదించి పత్రమున చేర్చిరి.